రెండో పెట్టె మీద బొట్టు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను కాస్త పెంచి చెప్పే మనిషిని. ఆ 'కాస్త' అన్నది కూడా తగ్గించి చెప్పిందే. మా వసారాలో పిచ్చుక వాలితే గద్ద వాలిందంటాను. వినేవాడు నమ్మేట్టు కనబడితే దాని కాళ్ళలో ఒక మేకపిల్ల కూడా ఉంటుంది. అందుకని ఇందులో ఎక్కడ అంకె కనబడినా సగం చేసుకుని చదువుకోండి. ఒక్కటే మినహాయింపు: మా మేస్త్రి గురించి 'రెండు' అని రాసిన ప్రతిచోటా అది నిజంగా రెండే. దాన్ని సగం చేశారంటే మనిషే మిగలడు.

పోయిన నెల ఒక ఉదయం పళ్ళు తోముకుంటుండగా ఫోన్ మోగింది. ఎవరో ఆడమనిషి. మా మేస్త్రి పోయాడని చెప్పి పెట్టేసింది. నోట్లో నురుగుతో అలాగే నిలబడిపోయాను. పది నిమిషాలకు మళ్ళీ మోగింది. ఈసారి మగగొంతు, అదే కబురు, దాదాపు అవే మాటలు.

"ఇప్పుడే చెప్పినారు కదండీ," అన్నాను.

"తెలుసు సార్. ఆయప్ప పోకముందే పట్టీ రాసి పెట్టినాడు. ఒక్కొక్క పేరుకూ ఇద్దరు ఫోన్ చెయ్యాలంట. ఒకరు మరిచిపోతే ఇంగొకరు ఉంటారని."

నేను పకపకా నవ్వేశాను. చావు కబురు విని నవ్వాను! మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, "ఏమయింది?" అంది. "మేస్త్రి పోయాడు," అన్నాను ఇంకా నవ్వుతూనే. ఆ నవ్వు ఎక్కడ ఆపాలో తెలియక అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. అద్దంలో ఉన్నవాడు నాకంటే ఎక్కువ బిత్తరపోయి ఉన్నాడు.

ఆయన పేరు రాయను. రాస్తే రెండు రాయాలి, చర్చిలో పెట్టింది ఒకటి, గనిలో పిలిచింది ఒకటి. మాకు మేస్త్రీ, అంతే. కేజీఎఫ్ మనిషి. బంగారు గనిలో మనుషుల్ని కిందికి దించే బోను మోటార్ల దగ్గర పనిచేశాడు. గని మూతబడ్డాక కొన్నాళ్ళు మిక్సీలు బాగుచేసి, చివరికి మా శ్రీనివాసపురం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మేస్త్రిగా చేరాడు. నేను అక్కడ స్టోర్సు చూసేవాణ్ణి. అంటే మేకు దగ్గర్నుంచి మోటారు దాకా ఎవరికి ఏది కావాలన్నా నన్ను బతిమాలుకోవాలి.

ఆయన బతిమాలలేదు. చేరిన రెండోరోజే వచ్చి ఒక బేరింగు అడిగాడు. ఇచ్చాను. సంతకం పెట్టి, కదలకుండా నిలబడి, "ఇంగొకటి యాడ?" అన్నాడు.

"ఒకటే కదా మేస్త్రీ చెడిపోయింది?"

"ఇది ఆడేది. ఇంగొకటి పండుకునేది."

"పండుకునేదానికి బేరింగు ఎందుకు మేస్త్రీ, చాపా దిండూ ఇస్తాను తీసుకుపో."

"ఇయ్యి. లేపేదానికి నేను ఉండాను కదప్పా."

ఆ మనిషిని ఆ రోజే పరీక్షగా చూశాను. రెండు చేతులకూ రెండు గడియారాలు. ముక్కు మీద ఒక కళ్ళజోడు, జేబులో ఒకటి. ప్యాంటుకు బెల్టు, బెల్టు కింద నాడా. రెండు గడియారాలు రెండు టైములు చూపిస్తే ఏం చేస్తావని అడిగాను.

"ఒకటి చెడిపోయిందని తెలుస్తాది. ఒకటే ఉంటే చెడిపోయేది కూడా తెలీదు కదప్పా."

ఈ జవాబు విన్నాక నాకు నాలుగు రాత్రులు నిద్ర పట్టలేదు. (సగం చేసుకోండి.)

భోజనానికి రెండు డబ్బాలు తెచ్చేవాడు. ప్రార్థన తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చేసేవాడు. "ఒక లైను కట్టయితే ఇంగొకటి పోతాది," అని. ఏ ప్రశ్న అయినా రెండుసార్లు అడిగేవాడు. "స్విచ్ ఆపినావా?" అని అడిగి, ఆపానని చెప్పాక, ఎదుటివాడి ముఖం చూస్తూ మళ్ళీ "ఆపినావా?" అనేవాడు. మొదటి జవాబు నోరు చెబుతుందట, రెండోది తల చెబుతుందట. ఆ రెండో ప్రశ్నకు చాలామంది లేచి వెళ్ళి స్విచ్ చూసుకుని వచ్చేవాళ్ళు. నేనూ వెళ్ళాను, మా ఇంటికి, స్కూటర్ మీద, గ్యాసు కట్టేశానో లేదో చూసుకోవడానికి.

ఇదంతా చాదస్తం అనుకునేవాణ్ణి, బుధవారం చూసేదాకా. బుధవారం ఆయన కుడిచేతి గడియారానికి కీ ఇవ్వడు. మొదటి కళ్ళజోడు గదిలో వదిలేసి వస్తాడు. మొదటి డబ్బా మూత తియ్యడు. ఆ రోజంతా రెండోవాటితోనే బతుకుతాడు.

"రెండోది ఉంటే చాలదప్పా," అన్నాడొకసారి, రెండో డబ్బాలో చిత్రాన్నం కలుపుకుంటూ. "లేస్తాదా అని చూడాల. పండుకున్నేదీ సచ్చిందీ చూసేదానికి ఒకే మాదిరి ఉంటాయి."

ఫ్యాక్టరీ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మామిడి గుజ్జు వేడి గొట్టాల గుండా పోయి, గాలి సోకని సంచుల్లో పడుతుంది. మధ్యలో ఆగిందంటే గొట్టాల్లో ఉన్నది మాడిపోతుంది, గొట్టాలన్నీ కడిగి మొదటి నుంచి మొదలుపెట్టాలి, బయట లారీల్లో ఉన్న తోతాపురి కాయ ఎండకు ఉడికిపోతుంది. ఈ లైనంతటినీ నడిపేది ఇనపబీరువాలో ఉన్న ఒక కంట్రోలర్, పెద్ద నిఘంటువంత ఉంటుంది. దాని పక్కనే అచ్చు అలాంటిదే ఇంకొకటి. మొదటిది పడిపోతే రెప్పపాటులో రెండోది అందుకోవాలి. మేము వాటిని మొదటి పెట్టె, రెండో పెట్టె అనేవాళ్ళం. కరెంటు పోతే బ్యాటరీలు, బ్యాటరీల వెనక జనరేటరు. సావుకారు, అంటే మా యజమాని, బజారులో ధాన్యం అంగడి నుంచి ఎదిగి వచ్చినవాడు, ఈ సరంజామా మొత్తం చూపించి, "నా ఫ్యాక్టరీ ఆగేదే లేదు," అని ఊరంతా చెప్పుకున్నాడు.

కాయ వేసే ముందు రోజూ ఆ గొట్టాల్లో మరిగే నీళ్ళు తిప్పుతారు. మేస్త్రి బుధవారాల్లో ఆ నీళ్ళ వేళప్పుడు వెళ్ళి మొదటి పెట్టె టప్పున ఆపేసేవాడు. రెండోది అందుకునేది. ఆయన తల ఊపి, మళ్ళీ మొదటిది వేసి వచ్చేవాడు. గనిలో అలాగేనట. షిఫ్టు దిగే ముందు ఖాళీ బోను ఒకసారి అడుగుదాకా పోయి రావాలి. అది రాకుండా మనిషి అందులో కాలు పెట్టకూడదు.

కొత్త మేనేజరు వచ్చి ఇది చూశాడు. ఆయనకు గుండె ఆగినంత పనయింది. ఆడుతున్న లైనును చేతులారా ఆపడమా! "ఈ సిస్టమ్ తనను తానే చూసుకుంటుంది," అని సావుకారుకు చెప్పాడు. మేస్త్రిని కాయలు కడిగే చోటికి మార్చారు. అందరి ముందూ సావుకారు హెచ్చరించాడు: "ఇంగొక తూరి ఆ గదిలో నిన్ను చూస్తినంటే గేటు అవతలే, మేస్త్రీ. చెప్పలేదనొద్దు."

ఆ సాయంత్రం మేస్త్రి నా స్టోర్సు మెట్టు మీద కూర్చున్నాడు. "అన్నిటికీ రెండోది పెట్టుకున్న మనిషివి, ఇంకో ఉద్యోగం చూసి పెట్టుకోలేదా?" అని ఎగతాళి చేశాను.

"గని మొదటిది. ఇది రెండోది. మూడోది యాడా లేదప్పా. ఈ వయసులో ఎవురిస్తారు?"

అప్పుడైనా నేను నోరు మూసుకోవాల్సింది. "అయితే బుధవారాలు హాయిగా మొదటి డబ్బా తిను," అన్నాను.

దసరా వెళ్ళింది, చలికాలం వెళ్ళింది, మామిడి సీజను వచ్చింది. సీజను మొదటి రోజున రాయల్పాడు దారి పొడవునా రెండు వందల లారీలు నిలబడ్డాయి. (సగం చేసినా ఎక్కువే. ఇరవై.) పరదేశం నుంచి గుజ్జు కొనేవాళ్ళు వచ్చి పై వరండాలో నెత్తికి తెల్లటోపీలు పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ళకు నచ్చితే ఏడాదంతా కొంటారు. సావుకారు వాళ్ళ పక్కన సరిగ్గా పెళ్ళికూతురి తండ్రిలా వంగి ఉన్నాడు.

నీళ్ళు తిరుగుతున్నాయి. మేస్త్రి నా కిటికీ ముందునుంచి నడిచిపోయాడు, నడుముకు రెండు తాళంచెవుల గుత్తులతో.

"యాడికి మేస్త్రీ?"

"కాయ ఇంగా పడలే. ఇప్పుడే చెయ్యాల."

"పైన సావుకారు ఉండాడు! గేటు అవతల పెడతానన్నాడు కదా నిన్ను!"

ఆయన ఆగాడు. ఎడమ గడియారం చూశాడు, కుడి గడియారం చూశాడు. "ఎనిమిది నెలలాయె చూసి. కాయ పడినంక తెలిస్తే ఏం లాభమప్పా? కొనేవాళ్ళు పోతారు, సీజను పోతాది, అందరమూ పోతాము."

"సుమ్నే, ఊరికే ఉండు మేస్త్రీ. ఆడతాండాది కదా."

ఆయన కదిలాడు. నేను వెనకాలే పరుగెత్తాను. ఆపడానికి అని అప్పుడు అనుకున్నాను.

బీరువా తలుపు తెరిచి, చిటికెనవేలితో మొదటి పెట్టె స్విచ్ కిందికి దించాడు.

నేను మౌనం గురించి పెంచి చెప్పను, చెప్పలేను. పంపులు ఆగాయి. గొట్టాల మీది మూతలు ఒక్కొక్కటీ గాలి వదిలి మూసుకున్నాయి. అంతవరకూ ఆ హోరులో వినబడని ఒక కాకి అరుపు బయట రేకుల మీద వినబడింది. రెండో పెట్టె లేవలేదు.

మేస్త్రి ముఖం చూశాను. 'నేను చెప్పలేదా' అన్న గర్వం కోసం వెతికాను. నేనైతే అదే పెట్టుకునేవాణ్ణి. లేదు. బోను నిండా మనుషులు ఉండగా తాడు తెగినవాడి ముఖం అది. ఆ పెట్టె లేస్తుందని నమ్మబట్టే ఆయన మొదటిది ఆపాడు. నాకది అప్పుడే తెలిసింది.

మెల్లగా వంగి రెండో పెట్టెను చూశాడు. దాని ముఖాన ఆయుధపూజ నాటి చందనం, చందనం మధ్య రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు, సరిగ్గా పచ్చదీపం ఉండాల్సిన చోట. ఎండి, పగుళ్ళు తేలి ఉంది. మేస్త్రి చెయ్యి చాచి, మధ్యలోనే ఆపుకున్నాడు.

"నేను చర్చికి పోయేవాణ్ణి. నేను తుడిస్తే బాగుండదప్పా. నువ్వు తుడువు."

బొటనవేలితో గీకాను. పెళ్ళలుగా రాలింది. కింద దీపం వెలగడం లేదు. స్విచ్ దించి ఉంది.

"పూజ నాడు ఆపినారు," అన్నాడాయన. "మళ్ళా వెయ్యలే."

"మొదటిది అరిచి చెప్పాలి కదా, రెండోది లేదని?" అన్నాను.

వెనక నుంచి ఆపరేటరు నసిగాడు. "అరుస్తానే ఉండె సార్. తల నొప్పి. అందుకే నేను ఆ బజర్ నోట్లో దూది పెట్టినాను."

పీకి చూపించాడు. నిజంగా దూది. ఒక దిండుకు సరిపోయేంత దూది.

అంతలో సావుకారు వచ్చాడు. మెట్లు దిగి వచ్చాడో, వరండా మీదినుంచి నేరుగా దూకాడో నాకు తెలియదు.

"ఎవుర్రా ఆపింది?"

"నేనే సావుకారు. మొదటిది నేను ఆపినాను. రెండోది లేవలే."

"లేవకపోతే పోయె! మొదటిది ఆడతాండె కదా! ఆడేదాన్ని ఎందుకు ఆపినావు?"

"కాయ పడినంక ఆగింటే..."

"ఆగలేదు కదా! నువ్వు ఆపితేనే కదా ఆగింది!"

ఈ తర్కానికి ఎదురు లేదు. మేస్త్రి రెండో పెట్టె దీపం మీది కుంకుమ మరకనూ, దించి ఉన్న స్విచ్‌నూ చూపించాడు. సావుకారు చూపు నా వేలి మీదికి మళ్ళింది. వేలికి కుంకుమ అంటుకుని ఉంది.

"ఎవురు పెట్టినారు దీపం మీద బొట్టు? పెట్టె ఆపింది ఎవురు?"

"పూజారి, సావుకారు," అన్నాను నేను. "ఆవని ఊరి వైపు నుంచి పిలిపించినాము."

ఆ పూజారి నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటాడు. తొంభై ఏళ్ళు, వీపంతా వంగి, కనురెప్పల మీద కూడా తెల్లవెంట్రుకలు. చూపు ఆనదు. వేలితో తడుముకుంటూ పోయి ఎత్తుగా తగిలిన చోటల్లా బొట్టు పెట్టాడు, ఒక మోటారుకు, ఒక మీటరుకు, మేనేజరు టిఫిన్ డబ్బాకు. "ఈ దినం పనిముట్లు ఆడరాదు," అంటూ చేతికి అందిన స్విచ్ దించేశాడు. వెళుతూ గుమ్మడికాయ ముక్క ఒకటి సంచిలో వేసుకుపోయాడు. ఇదంతా సావుకారుకు గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

సావుకారు చప్పున చెంపలు వేసుకున్నాడు. దేవుణ్ణి గేటు అవతలికి పంపలేడు. దూది పెట్టినవాడు ఆ రోజు లైను నడపాలి. ఈ సిస్టమ్ తనను తాను చూసుకుంటుందన్న మేనేజరు పైన కొనేవాళ్ళకు ఇంగ్లీషులో ఏదో సర్ది చెబుతున్నాడు. ఇక అక్కడ మిగిలింది మేస్త్రి.

"పో," అన్నాడు సావుకారు.

ఆయన వెంటనే పోలేదు. రెండో పెట్టె వేశాడు. పచ్చదీపం వచ్చేదాకా చూశాడు. మొదటిది వేశాడు, లేచాక మళ్ళీ ఆపాడు, సావుకారు "ఓరి!" అని అరుస్తుండగానే. రెండోది అందుకుంది. తల ఊపాడు. మొదటిది మళ్ళీ వేసి, చేతులు కడుక్కుని గేటు దాటాడు. లైను మళ్ళీ కాగి, కాయ పడేసరికి మధ్యాహ్నం దాటింది. కొనేవాళ్ళు అప్పటిదాకా టోపీలు తియ్యకుండా కూర్చుని వడలు తిన్నారు.

మర్నాడు తాళంచెవులు అప్పగించడానికి స్టోర్సుకు వచ్చాడు. రెండు గుత్తులూ బల్లమీద పెట్టాడు. నేను సంతకం పెట్టించుకున్నాను. అప్పుడు అడిగాడు.

"ఆ బొట్టు నిజంగా పూజారే పెట్టినాడా?"

"అవును మేస్త్రీ."

ఆయన నా ముఖంలోకి చూశాడు. రెండోసారి అడుగుతాడని ఎదురుచూశాను. అడగలేదు. గడ్డి ధర అడిగినా రెండుసార్లు అడిగే మనిషి! "ముసలాయన కదా, పాపం. ఎవురూ ఏమీ అనొద్దండి," అని చెప్పి, మెట్టు దిగి వెళ్ళిపోయాడు.

తొమ్మిది రోజులకు గాలివాన వచ్చింది. లైను నిండా గుజ్జు ఉంది. పిడుగు ఎక్కడ పడిందో, మొదటి పెట్టె మాడి వాసన వచ్చింది. రెండోది అందుకుంది. పంపు ఒక్కటి కూడా తొణకలేదు. మేము వాసన వచ్చాక వెళ్ళి చూస్తే తెలిసింది. ఆ వారమే కొనేవాళ్ళు సంతకం పెట్టారు. మేనేజరు మాకందరికీ మైసూరుపాకు పంచి, "చూసినారా, సిస్టమ్ అంటే ఇదీ," అన్నాడు. నేనూ తిన్నాను. రెండు ముక్కలు.

ఆయన రాబర్ట్‌సన్‌పేటలో మళ్ళీ మిక్సీలు బాగుచేసుకుంటున్నాడని విన్నాను. కేజీఎఫ్‌కు చాలాసార్లు వెళ్ళాను, ఆ వీధికి మాత్రం వెళ్ళలేదు. ఫోన్లు వచ్చిన మర్నాడు ఆయన్ని సమాధి చేసే చోటికి వెళ్ళాను. పాస్టర్లు ఇద్దరు వచ్చారు. ఎవరు ముందు మాట్లాడాలో తేలక ఒకరికొకరు దండాలు పెట్టుకుంటూ నిలబడ్డారు. గని మట్టిదిబ్బల మీదినుంచి గాలికి తెల్లదుమ్ము లేచి అందరి నెత్తిన పడుతోంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చింది నేనొక్కణ్ణే.

ఆయన భార్య నా దగ్గరికి వచ్చింది. "మీరేనా అప్పా స్టోర్సు ఆయప్ప? మీ గురించి చెప్తాండె. ఆ దినం అంతమందిలో ముందుకొచ్చి బొట్టు తుడిచింది మీరేనంట కదా. ఇంగెవురూ చెయ్యి పెట్టలేదంట."

నేను తల ఊపాను. ఆమె గ్లాసుతో నీళ్ళిచ్చింది. తాగాను.

ఇక ఏది నిజమో ఏది కాదో చెప్పేస్తాను. రెండు గడియారాలు నిజం, దూది నిజం, మైసూరుపాకు నిజం. ఫోన్లు రెండు రావడం నిజం. లారీలు ఇరవై అని అప్పుడే ఒప్పుకున్నాను. ఇందులో నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే, ఆ పూజారి. అలాంటి మనిషి ఆవనిలోనూ లేడు, ఇంకెక్కడా లేడు. ఆ ఏడు పూజ ఏర్పాట్లు స్టోర్సువి, అంటే నావి. పిలిచిన పూజారి రాలేదు, సావుకారు ఆ రోజు ఊళ్ళో లేడు. చందనం నేనే కలిపాను. 'ఈ దినం పనిముట్లు ఆడరాదు' అని రెండో పెట్టె స్విచ్ నేనే దించాను. మొదటిదాన్ని ముట్టుకోవడానికి భయం వేసింది. దీపం గుండ్రంగా, బొట్టుకు కొలిచి పెట్టినట్టు కనబడింది. ఈ బొటనవేలితోనే పెట్టాను. సాయంత్రం మళ్ళీ స్విచ్ వెయ్యాలన్నది మరిచిపోయాను. సావుకారు అడిగినప్పుడు ఆ ముసలాయన్ని అక్కడికక్కడే పుట్టించాను. మర్నాడు మేస్త్రికీ ఆయన్నే చూపించాను, ఇందాక మీకూ.